దారి ఎవరికి తెరుచుకుంది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మంచు కురవదు. కోఠారి చుట్టూ ఉన్న టేకు అడవిలో చలికాలమంటే తెల్లవారుజామున పొగమంచు, పొద్దెక్కాక పొడి ఎండ, రాలిన ఆకులు, సాయంత్రం ఐదున్నర దాటిన కాసేపటికే కమ్ముకొచ్చే చీకటి. చలిదేశాల్లో మోకాలి లోతు మంచులో నడిచేవాళ్ల కష్టాలు ఇక్కడివాళ్లకు లేవు. అయినా ఆ దేశాల వాళ్లు ప్రతి శీతాకాలం వేసుకునే ప్రశ్న ఒకటి ఇక్కడా వేసుకోవలసిందే. గాలివాన విరగ్గొట్టి పోయిన అడవిదారిలో మనిషి కాలినడకన వెళ్లి క్షేమంగా ఇల్లు చేరాలంటే ఏం కావాలి? ధైర్యం ఉండాలంటారు కొందరు. అడవి ఎరిగినవాడికి భయమేమిటంటారు ఇంకొందరు. అసలు ఆ దారిన నడవకపోతే సరిపోతుందంటారు పట్నంలో ఉన్నవాళ్లు. ఈ మూడూ అసలు సంగతిని దాటేస్తున్నాయని నేననుకుంటాను. గాలివాన తర్వాత రోడ్డుకు అడ్డంగా పడిన మానులు కోసి పక్కకు నెట్టి, మొదటి బస్సు దాటగానే దారి తెరుచుకుందని చెప్పేస్తాం. ఆ కొలత బండిది. నడిచేవాళ్ల ప్రాణానికి అది చాలదు. అడవిదారి తెరుచుకుందో లేదో తేల్చడానికి కాలినడకే కొలత కావాలి.

ఈ మాట అనడానికి కోఠారి కంటే తగిన చోటు దొరకడం కష్టం. బల్లార్‌పూర్ నుంచి గోండ్‌పిప్రీ వెళ్లే దారిలో ఉంది ఆ ఊరు. బల్లార్‌పూర్‌లోని బల్లార్షా స్టేషను ఢిల్లీ రైలెక్కిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన పేరే. 1945లో మొదలైన కాగితం మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనులు తెలంగాణ పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. వార్ధా నదికి అవతల ఉన్న రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. మరాఠీ, గోండీ, తెలుగు కలిసి వినిపించే ప్రాంతమిది. ఈ ఊళ్ల అంచుదాకా అడవే. 2021లో కన్హార్‌గావ్ అభయారణ్యం వచ్చింది కూడా ఈ వైపు అడవులలోనే. చలికాలంలో ఇక్కడ అడవిదారి పట్టేవాళ్లు వాహ్యాళికి వచ్చేవాళ్లు కారు. పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు, వంటచెరకు మోసుకొచ్చేవాళ్లు, పశువుల వెంట తిరిగేవాళ్లు, బస్సు రాని ఊరి నుంచి బడికి వెళ్లే పిల్లలు. వీళ్లకు నడక సరదా కాదు, తీరిక కూడా కాదు. వీళ్ల దారి గురించి మాట్లాడుతున్నామన్న సంగతి గుర్తుంటే తక్కిన వాదనంతా నేల మీద నిలుస్తుంది.

గాలివాన అడవిని ఏ మేరకు కూల్చగలదో తెలుగునేల ఈమధ్యే చూసింది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవి మీద విరుచుకుపడిన గాలి ఒకటి రెండు గంటల్లో సుమారు 50 వేల చెట్లను నేలకూల్చింది. దెబ్బతిన్న అడవి దాదాపు 200 హెక్టార్లు. నానిన నేలలో వేళ్లు లోతుకు దిగకుండా పక్కలకు పాకినందువల్ల మహావృక్షాలు సైతం నిలబడలేకపోయాయన్న వివరణ అప్పట్లో గట్టిగా వినిపించింది. అంత పెద్ద నష్టంలోనూ మనుషులెవరూ చనిపోలేదన్నది అదృష్టం. ఆ తర్వాత జరిగింది అన్నిచోట్లా జరిగేదే. ముందు రోడ్డు మీద పడినవి తీశారు, రాకపోకలు సాగాయి, వార్తలు సద్దుమణిగాయి. కానీ ఆ దారి సమ్మక్క సారలమ్మల జాతరకు వెళ్లే దారి. 2025 ఫిబ్రవరిలో చిన్న జాతర, 2026 జనవరి చివర పెద్ద జాతర జరిగాయి. రెండూ చలికాలపు చివరి రోజులవే. కాలినడకన, ఎడ్లబళ్ల మీద గద్దెలకు చేరుకునే ఆచారం ఇంకా చెరిగిపోలేదు. చంద్రపూర్, గడ్చిరోలి వైపు నుంచి కూడా ఏటికేడూ భక్తులు వస్తూనే ఉన్నారు. ఆగస్టు గాలికి విరిగిన అడవిలో మాఘమాసంలో మనుషులు నడుస్తారు. ప్రమాదం పుట్టిన రోజునే ముగియదన్న సంగతికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

రోడ్డు మీద పడిన చెట్టు కనిపించే ప్రమాదం. దాన్ని తీసేశాక మిగిలేవి కనిపించనివి. విరిగి కింద పడకుండా పక్క చెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న కొమ్మలు మొదటివి. పచ్చిగా ఉన్నంతకాలం వాటి రెమ్మలు మెలికపడి పట్టుకుని ఉంటాయి. నెలలు గడిచి ఎండాక ఆ పట్టు సడలి, గాలి కూడా లేని మధ్యాహ్నం పూట జారిపోతాయి. వేళ్లు సగం తెగి ఒరిగిన చెట్లు రెండోవి. వానాకాలంలో నాని ఉబ్బిన నల్లరేగడి నేల చలికాలంలో ఆరి బీటలు వారుతుంది. అప్పటిదాకా వేళ్లకున్న ఆ కాస్త ఆసరా కూడా పోతుంది. మూడోవి, మట్టిదిబ్బతో సహా పెకలించుకుని నిలువుగా లేచిన వేళ్లు. మాను బరువు ఉన్నంతసేపే ఆ దిబ్బ అలా నిలబడుతుంది. ఎవరైనా మానును కోసుకుపోతే ఒక్కసారిగా వెనక్కి గోతిలోకి పడుతుంది. వంగి బిగిసి ఉన్న కొమ్మను గొడ్డలితో కొట్టినా అంతే, విల్లులా ఎగిసి తగులుతుంది. వంటచెరకు కోసం వెళ్లేవాళ్లకు ఈ రెండింటి వల్లే ఎక్కువ ముప్పు. వీటన్నిటికీ తోడు ఇంకో సంగతి ఉంది. గుంపులో ఒదిగి పెరిగిన చెట్టు చుట్టుపక్కలవి కూలాక ఒంటరిగా గాలికి ఎదురు నిలబడాలి. దానికి ఆ అలవాటు లేదు. అందువల్ల తొలి గాలివానను తట్టుకున్న చెట్టు ఆ తర్వాత వచ్చే చిన్న గాలికే పడిపోవచ్చు. చంద్రపూర్ ఉన్న విదర్భలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో అకాలవర్షాలు, వడగండ్లు మామూలే. 2014లో అదే కాలంలో మహారాష్ట్రను ముంచెత్తిన వడగండ్ల వానలు ఇంకా ఎందరికో గుర్తున్నాయి. కాబట్టి చలికాలం గాలివాన బెడద లేని కాలమని నమ్మడానికి వీల్లేదు.

మంచుదేశాల అనుభవం ఇక్కడే మనకు పనికొస్తుంది. 2005 జనవరి 8, 9 తేదీల్లో గుడ్రున్ అనే తుఫాను దక్షిణ స్వీడన్ అడవుల్లో ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను కూల్చింది. ఆ దేశం మామూలుగా ఒక ఏడాదంతా కొట్టే కలపతో దాదాపు సమానమది. ఆ రాత్రి పోయిన ప్రాణాలు కొన్ని. ఆ తర్వాత నెలల తరబడి సాగిన తొలగింపు పనుల్లో, యంత్రాలు, అనుభవం ఉన్న దేశంలో కూడా, పోయిన ప్రాణాలు ఇంకొన్ని. విరిగిన అడవి గాలి ఆగాక కూడా మనిషిని చంపుతుందని ఆ దేశం అలా తెలుసుకుంది. మంచు చేసే చెడు మరొకటి ఉంది, నేలను దాచేస్తుంది. గుంత, రాయి, నీరు, అన్నీ ఒకే తెలుపు కింద ఒకేలా కనిపిస్తాయి. 2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో, వుడ్స్ కాన్యన్ అనే అడవి సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు మునిగి చనిపోయారు. ఆ మంచు పైకి నేలలాగే కనిపించింది. మంచు ఎరగని ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు దాని కింద ఏముందో ఎలా తెలుస్తుంది? ఆ కుటుంబాలను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేర్చుకోవలసింది మాత్రం ఉంది. పైన కనిపించేదాన్ని నమ్మి అడుగు వేయడమే చలికాలపు నడకలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

మంచు చేసే ఆ పనిని కోఠారి అడవిలో టేకాకు చేస్తుంది. మోచేతి పొడవున్న ఆకులు ఒకదాని మీద ఒకటి రాలి దారిని కప్పేస్తాయి. వేళ్లు పెకలినచోట మిగిలిన గొయ్యి, కొట్టుకుపోయిన కల్వర్టు అంచు, చీలిన కొమ్మ మొన, అన్నీ ఆ ఎండుటాకుల కిందే ఉంటాయి. తెల్లవారుజామున పొగమంచు పది బారల దూరాన్ని కూడా మింగేస్తుంది. పైన వేలాడే కొమ్మను చూడాలంటే కళ్లు పైకెత్తాలి, కింద గొయ్యిని చూడాలంటే దించాలి. బండిలో వెళ్లేవాళ్లకు ఈ రెండు బాధలూ ఉండవు. తారు మీద ఆకులుంటే చక్రం దొర్లిపోతుంది, వేలాడే కొమ్మ కింద బండి ఉండేది ఒక్క క్షణమే. నడిచేవాళ్లు అదే కొమ్మ కింద ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఉంటారు. ఎదురుగా లారీ వస్తే తప్పుకుని దిగేది కూడా ఆ ఆకులు కప్పిన అంచులోకే. ఒకే దారి బండికి సురక్షితంగా, కాలికి ప్రమాదకరంగా ఉండగలదనడానికి ఈ లెక్క చాలు.

ఇక పులి సంగతి. చంద్రపూర్‌లో అడవిదారి గురించి మాట్లాడుతూ పులిని పక్కన పెట్టడం కుదరదు. తాడోబా 1955 నుంచి జాతీయ ఉద్యానవనం. ఇవాళ జిల్లాలో పులులు అభయారణ్యాల హద్దులు దాటి ఊరి అడవుల్లోనూ, పొలాల గట్ల మీదా తిరుగుతున్నాయి. కొత్త చోటు వెతుక్కునే వయసు పులులు నదులు దాటి తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవుల్లోకి దిగుతున్నాయి. అక్కడ 2020 నవంబర్‌లో ఇద్దరు, 2024 నవంబర్ చివర ఒకరు పులి దాడికి బలయ్యారు. మూడూ పత్తి చేతికొచ్చే కాలంలో జరిగినవే. చంద్రపూర్‌లో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పదుల సంఖ్యలో ఇలా చనిపోతున్నారు. కొందరు దీన్ని పట్టుకునే నా వాదనను తోసిపుచ్చవచ్చు. ఇక్కడ ప్రాణం తీసేది పులి, చెట్ల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. కానీ ఆ రెండు ప్రమాదాలూ వేర్వేరు కావు. పులి పొంచి ఉండటానికి మరుగు కావాలి. కూలిన చెట్లు, వాటి మీద అల్లుకున్న తీగలు, రోడ్డు తెరిచేటప్పుడు ఇరువైపులా గుట్టలుగా నెట్టేసిన కొమ్మలు దారి అంచునే ఆ మరుగును తయారుచేస్తాయి. అంతకుముందు ముప్పై అడుగుల దూరం కనిపించే మలుపులో ఇప్పుడు ఐదడుగులు కూడా కనిపించవు. మనిషి వస్తున్నట్టు పులికి, పులి ఉన్నట్టు మనిషికి ముందుగా తెలిస్తే ఇద్దరూ తప్పుకుంటారు. చాలా దాడులు జరిగేది అలా తెలియక ఉలిక్కిపడేంత దగ్గరికి వచ్చినప్పుడే. కాబట్టి చెట్లు తీసిన తీరు కూడా పులి భయాన్ని పెంచగలదు, తగ్గించగలదు.

అడవిలో పుట్టినవాళ్లకు ఇవన్నీ చెప్పాలా అన్నది బలమైన ప్రశ్నే. కొండముచ్చు కూతను, కణుజు అరుపును విని పులి ఏ దిక్కున కదులుతోందో చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లలో ఉన్నారు. ఏ అధికారి నేర్పినా రాని విద్య అది. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ విద్య అంతా మారని అడవి మీద నిలబడి ఉంది. ఈ మలుపు తర్వాత ఇప్పచెట్టు, దాని పక్కన వాగు, వాగు దాటితే ఎత్తుగడ్డ అన్న గుర్తులతో అది తరం నుంచి తరానికి సాగుతుంది. గాలివాన ఒక్క సాయంత్రంలో ఆ గుర్తులన్నిటినీ చెరిపేస్తుంది. జంతువుల జాడలు మారతాయి, వాగు కొత్త పాయ తొక్కుతుంది, అలవాటైన కాలిబాట మధ్యలో తెగిపోతుంది. అప్పుడు బాగా తెలిసిన మనిషికే ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే అతను చూసి నడవడు, జ్ఞాపకంతో నడుస్తాడు. కాబట్టి ఊరివాళ్ల తెలివిని గౌరవించడమంటే వాళ్లకేమీ చెప్పనక్కర్లేదని ఊరుకోవడం కాదు. గాలివాన తర్వాత ఆ తెలివిని మళ్లీ కొత్త అడవికి సరిచూసుకునే వ్యవధి, వీలు వాళ్లకు కల్పించడం.

మరొక అభ్యంతరం అడవిని ప్రేమించేవాళ్ల నుంచి వస్తుంది. కూలిన మాను అడవికి చెత్త కాదు. దాన్ని ఆశ్రయించి పురుగులు, పుట్టగొడుగులు, పక్షులు బతుకుతాయి, కుళ్లి మళ్లీ మట్టికి చేరుతుంది. మనుషుల క్షేమం పేరుతో దానిని ఊడ్చేస్తే, రోడ్డు వెడల్పు చేస్తే, అడవికి రెండో గాలివాన తగిలినట్టే. ఈ మాట పూర్తిగా నిజం. అందుకే నేను అడిగేది అడవిని శుభ్రం చేయమని కాదు. చెట్టు ఎంత ఎత్తుంటే అంత దూరమే పడగలదు. పాతిక మీటర్ల చెట్లున్న చోట దారికి ఇటు పాతిక, అటు పాతిక మీటర్ల లోపల ఉన్నవే నడిచేవాళ్ల మీద పడగలవు. కిలోమీటరుకు అది 5 హెక్టార్లు. ఆ 5 హెక్టార్లలోనూ అన్నిటినీ నరకనక్కర్లేదు. దారి వైపు ఒరిగినవి, పైన ఇరుక్కున్నవి, వేరు లేచినవి గుర్తించి వాటినే దించితే చాలు. దించినవి దారి అంచున గోడలా పేర్చకుండా లోపలికి జరిపితే మరుగూ ఉండదు, మానూ అడవిలోనే ఉంటుంది. తక్కిన అడవిని గాలివాన ఎలా వదిలిందో అలాగే వదిలేయవచ్చు. చూపు ఎంత నిశితంగా ఉంటే గొడ్డలి వాడకం అంత తగ్గుతుంది. మనుషుల క్షేమానికీ అడవి క్షేమానికీ ఇక్కడ పోటీ లేదు.

దారి మూసేయడం తేలిక కదా, నడక మానిపించి బస్సు నడిపితే పోతుంది కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. బస్సు నడపడం మంచిదే. ముఖ్యంగా బడిపిల్లలకు పొద్దున్నే, సాయంత్రం వేళ తప్పక నడపాలి. కానీ పత్తిచేనుకు బస్సు పోదు, పశువుల వెనక పోదు, పుల్లలు ఏరేచోటికి పోదు. బోర్డు పెట్టి గొలుసు కట్టినంత మాత్రాన పొయ్యి కింద మంట ఆగదు. దారి మూసేస్తే నడిచేవాళ్లు అడ్డదారి పడతారు, అది అసలు దారి కంటే అధ్వానం. పైగా నిషేధం ఒకటి పెట్టేశాక ఏదైనా జరిగితే తప్పంతా పోయినవాళ్లదే అవుతుంది. హెచ్చరించాం, వినలేదు అనే ఒక్క వాక్యంతో ఫైలు ముగుస్తుంది. పేదవాళ్లకు వేరే దారి చూపకుండా ఉన్న దారి మూయడం భద్రత అనిపించుకోదు. కొద్ది రోజులు, పని జరిగినంతకాలం మూయడం వేరు. అప్పుడు కూడా ఎన్నాళ్లు, ఎందుకు, ఈలోగా ఎటు వెళ్లాలి అన్న మూడూ ఊరిలో, ఊరి భాషలో చెప్పాలి. కోఠారి వంటి చోట అది మరాఠీతో ఆగకూడదు, తెలుగులో, గోండీలో కూడా చేరాలి.

ఇంత పనికి మనుషులెక్కడ, డబ్బెక్కడ అన్నది చివరి అడ్డంకి. ఫారెస్ట్ గార్డు ఒక్కరి మీద ఎంత అడవి బాధ్యత ఉంటుందో తెలిసినవాళ్లెవరూ ఈ ప్రశ్నను కొట్టిపారేయలేరు. అయితే కళ్లున్నవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మహారాష్ట్రలో సంయుక్త వన నిర్వహణ సమితులున్నాయి, తెలంగాణలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. గాలివాన వచ్చిన వారంలో సమితి నుంచి నలుగురు, బీట్ గార్డుతో కలిసి దారంతా నడిచి, ప్రమాదమున్న ప్రతి చెట్టుకూ రంగు గుర్తు పెట్టడానికి కావలసింది ఒక డబ్బా సున్నం, ఒక పూట కూలి. కోతకు మాత్రం పని తెలిసినవాళ్లే రావాలి, బిగిసిన మానును తెలియనివాళ్ల చేత కోయించకూడదు. వానాకాలం ముగిశాక ఒకసారి, చలికాలం నడుమ ఒకసారి, మళ్లీ పెద్ద గాలి వీచినప్పుడల్లా ఈ నడక జరగాలి. ఆ కూలి ఉపాధి పనుల్లో చేర్చగలిగితే ఊరికి రెండు విధాలా మేలు.

నడిచేవాళ్ల వంతు కూడా ఉంది, అది దాచవలసిన మాట కాదు. మామూలు దారిలో గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి మానులు దాటుతూ, చుట్టూ చూసుకుంటూ రెండు కూడా నడవలేరు. ఆరు కిలోమీటర్ల దారి గంటన్నర నుంచి మూడు గంటల పైకి పోతుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి బయలుదేరితే చివరి భాగం చీకట్లోనే. కాబట్టి ఎప్పుడు చేరతామన్నది కాక, ఏ వేళకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది బయలుదేరేముందే అనుకోవాలి. పొగమంచు విడిచేదాకా ఆగడం, ముగ్గురు నలుగురు మాట్లాడుకుంటూ కలిసి నడవడం, ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పడం, చేతికర్రతో ఆకుల కింద నేలను తడుముతూ అడుగేయడం, గాలి లేస్తే చెట్ల కింద నిలబడక ఖాళీ జాగా చేరడం, అడ్డంగా ఉన్న మాను ఎక్కేముందు దాని అవతల ఏముందో చూడడం, ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. వెనక్కి తిరగడం పిరికితనమన్న మాటను మాత్రం మన ఊళ్ల నుంచి పూర్తిగా తీసేయాలి. తిరిగివచ్చినవాళ్లే మర్నాడు మళ్లీ వెళ్లగలుగుతారు.

అయినా బాధ్యత సమంగా పంచలేం. నడిచేవాళ్లకు ఎంచుకునే అవకాశం తక్కువ, దారి మీద అధికారం ఉన్నవాళ్లకు ఎక్కువ. బరువు కూడా ఆ మేరకే పడాలి. అందుకని అటవీశాఖలోనూ, రోడ్ల శాఖలోనూ, పంచాయతీల్లోనూ ఉన్నవాళ్లను కోరేది ఒక్కటే. కోఠారి దారైనా, తాడ్వాయి దారైనా, గాలివాన తర్వాత తెరిచామని కాగితం మీద సంతకం పెట్టేముందు జీపు దిగండి. పత్తికి వెళ్లే ఆడవాళ్లతో, బడికి వెళ్లే పిల్లలతో కలిసి ఆ దారి మొదటి నుంచి చివరి దాకా నడవండి. మీ పిల్లలను ఆ దారిన పంపగలమని మీకు అనిపించిన రోజునే సంతకం చేయండి.